నాలుగు కిక్కులకి లేవకపోతే కాలు దించండి

గత నెల బుల్లెట్ బండికి పాయింట్లు (ప్లగ్‌లో స్పార్క్ ఎప్పుడు పడాలో తేల్చే చిన్న స్విచ్) సెట్ చేయడం గురించి రాస్తూ, ఇటలీలో బొలోన్యాలో ఉద్యోగం చేసిన రోజుల్లో నా దగ్గర ఒక పాత డుకాటీ 250 ఉండేదని మాటవరసకి ఒక్క వాక్యం అన్నాను. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇటలీ సింగిల్ సిలిండర్ బండ్ల మీదే. ఇన్నాళ్లూ మీరంతా ఎక్కడున్నారో! స్కూటర్ మైలేజీ గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, మీవన్నీ వచ్చే నెలకి పెట్టాను. ఈ పేజీ మొత్తం వీళ్లకే.

ప్ర: మాది గుంటూరు సార్. ఇటలీలో లెక్కోలో ఉన్న పాలిటెక్నిక్ క్యాంపస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. మా ఇంటి ఓనర్ తాతగారి గ్యారేజీలో 1955 నాటి మోటో గుజ్జీ ఫాల్కోనే ఉంది. ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది, కిక్ కొట్టలేరు. ‘నువ్వు లేపగలిగితే ఆదివారాలు నువ్వే తిప్పుకో’ అన్నారు. ఇరవై నిమిషాలు కొట్టాను, చెమటలు తప్ప ఏమీ రాలేదు. మా నాన్న బుల్లెట్‌ని ఒక్క కిక్కుకి లేపేవాణ్ణి. ఏం తప్పు చేస్తున్నాను?

జ: ఇరవై నిమిషాలు కొట్టడమే తప్పు బాబూ. నాలుగు కిక్కులకి లేవని బండి నలభైకి కూడా లేవదు, మధ్యలో ప్లగ్ తడిసి పని ఇంకా చెడుతుంది. నాలుగయ్యాక కాలు దించి ఆలోచించాలి. 

ముందు ఆ ఇంజన్ ఎలా ఉందో సరిగ్గా చూడు. బుల్లెట్ సిలిండర్ నిలబడి ఉంటుంది, దీనిది తల ముందు చక్రం వైపు పెట్టి పడుకున్నట్టు ఉంటుంది. ఈ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరైన కార్లో గుజ్జీ 1921లో అమ్మకానికి పెట్టిన మొదటి బండీ ఇలాగే పడుకునే ఉంది. దాని బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 88 మిల్లీమీటర్లు, స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 82. 1950లో వచ్చిన ఫాల్కోనేకీ అవే కొలతలు, 498 సీసీ. ముప్పై ఏళ్లు ఒకే కొలత పట్టుకుని కూర్చున్నారంటే వాళ్ల మొండితనం చూడు. నీకు దగ్గరే కాబట్టి చెప్తున్నాను, లెక్కో నుంచి సరస్సు ఒడ్డునే ఓ పది కిలోమీటర్లు పైకి పోతే మండెల్లో డెల్ లారియో వస్తుంది, ఆ బండి పుట్టిన ఊరు అదే, అక్కడ కంపెనీ మ్యూజియం కూడా ఉంది. వేళలు కనుక్కుని వెళ్లు.

ఇక ఎడమ పక్కన, బయటికే కనపడుతూ, పెళ్లిభోజనాల గుండిగ మీద మూతలాంటి ఇనప ఫ్లైవీల్ ఒకటి ఉంటుంది చూశావా? దాన్ని ఇటలీవాళ్లు ‘అఫెత్తాత్రిచే’ అంటారు, అంటే దుకాణాల్లో మాంసం పల్చగా ముక్కలు కోసే మిషన్. నీ కాలు చేయాల్సిన పని పిస్టన్‌తో కుస్తీ పట్టడం కాదు, ఆ చక్రానికి ఊపు ఇవ్వడం. అది ఊపు అందుకుంటే కంప్రెషన్‌ని, అంటే పిస్టన్ గాలిని నొక్కేటప్పుడు కాలికి తగిలే ఎదురుబలాన్ని, అదే దాటిస్తుంది. నువ్వు గుంటూరు అలవాటు కొద్దీ కంప్రెషన్ గట్టిగా తగిలిన చోటి నుంచే బలమంతా పెట్టి తొక్కి ఉంటావు, అక్కడ చక్రానికి ఊపందుకోవడానికి జాగా ఉండదు.

మొదటి రోజు బండి లేపడానికి అసలు కిక్ కొట్టకు. ప్లగ్ విప్పు. తాతగారిని అడుగు, ఆఖరిసారి ఎప్పుడు నడిచిందని. రెండు మూడేళ్లు కదలకపోతే ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా తిప్పు. ఫ్లైవీల్ బయట ఉన్నందుకు ఇదొక సుఖం, బుల్లెట్‌కి ఇది కుదరదు. తిప్పేటప్పుడు ప్లగ్ కచ్చితంగా విప్పి ఉండాలి, ప్లగ్ బిగించి ఉన్న ఇంజన్ ఫ్లైవీల్ దగ్గర చెయ్యి పెట్టడం నేను చూశానంటే మొట్టికాయ పడుతుంది. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి తిప్పుతూ ఉండు. ఒక చోట లోపలి గాలి వేలిని బయటికి తన్నుతుంది, అది కంప్రెషన్ స్ట్రోక్. ఫోర్ స్ట్రోక్ కదా, పిస్టన్ పైకి వచ్చిన ప్రతిసారీ తన్నదు, రెండుసార్లకి ఒకసారే. ఇప్పుడు వేలు తీసి ఒక కూల్‌డ్రింక్ స్ట్రా లోపలికి పెట్టు, పిస్టన్ దాన్ని బయటికి నెట్టుకుంటూ వచ్చి ఆగి, మళ్లీ వెనక్కి వెళ్తుంది. ఆ ఆగిన చోట ఫ్లైవీల్ మీద ఒక చాక్‌పీస్ గీత, దానికి ఎదురుగా ఇంజన్ మీద ఒక గీత పెట్టు. ఇక నుంచి పిస్టన్ ఎక్కడుందో నీకు కంటికే కనపడుతుంది. బుల్లెట్‌లో ఆమ్‌మీటర్ ముల్లు చూసుకుని కిక్ కొట్టేవాళ్లం గుర్తుందా, ఇక్కడ ఇగ్నిషన్‌కి మ్యాగ్నెటో, అంటే బ్యాటరీ లేకుండా తనే తిరిగి స్పార్క్ పుట్టించే యంత్రం, ఆ ముల్లు సాయం ఉండదు, ఈ చాక్‌పీస్ గీతే నీ ఆమ్‌మీటర్.

అలాగే ప్లగ్‌ని దాని వైరుకి తగిలించి, ఇంజన్ ఇనుముకి ఆనించి, పెట్రోల్ ఆవిరి ఉన్న రంధ్రానికి దూరంగా పెట్టి, ఒకసారి కిక్ తిప్పి చూడు. నీలంగా టప్ అని కొడితే మ్యాగ్నెటో బతికే ఉంది. ఎర్రగా సన్నగా వస్తే పాయింట్లు మురికిపట్టాయి. ట్యాంక్‌లో పెట్రోల్ వార్నిష్ వాసన వస్తుంటే అది పెట్రోల్ కాదు, పారబోయి. కార్బొరేటర్ కప్పు కూడా విప్పి తుడువు.

రెండో రోజు కిక్. పెట్రోల్ కాక్ తిప్పు. డెల్లోర్తో కార్బొరేటర్ ఫ్లోట్ గిన్నె మీద చిన్న పిన్ను ఉంటుంది, దాన్ని నొక్కితే పెట్రోల్ పొంగి తడి కనపడుతుంది. అక్కడి ముసలాళ్లు దీన్ని ‘చిక్కెత్తో’ అంటారు, ఒక గుటక మందు అన్నమాట, బండికి కూడా పొద్దున్నే ఒక గుటక పడాలి. ఒక్క గుటకే, సీసా మొత్తం కాదు. తడి కనపడగానే వేలు తీసెయ్. హ్యాండిల్ మీద స్పార్క్ అడ్వాన్స్ లివర్ ఉన్న బండి అయితే దాన్ని వెనక్కి, అంటే స్పార్క్ ఆలస్యంగా పడే రిటార్డ్‌కి పెట్టు, ఇది మర్చిపోతే కిక్ తిరగకొడుతుంది. యాక్సిలరేటర్ కొంచెం, చిటికెడు. డీకంప్రెషన్ లివర్ (వాల్వ్ కాస్త తెరిచి కంప్రెషన్ వదిలేసేది) పట్టుకుని రెండు మూడుసార్లు ఉత్తినే కిక్ తిప్పు, ఆయిల్ కాస్త కదులుతుంది. లివర్ వదిలి, కాలితో మెల్లగా, కంప్రెషన్ తగిలేదాకా తీసుకురా. తగిలాక లివర్ పట్టుకుని గీతలు రెండూ కలిసి పిసరంత దాటేదాకా నెట్టు. లివర్ వదిలెయ్. కిక్ రాడ్‌ని పైకి పూర్తిగా రానిచ్చి, ఇప్పుడు తొక్కు. బలంగా అక్కర్లేదు, పొడుగ్గా. పై నుంచి కింద దాకా ఒకే ఊపు, మధ్యలో ఆపకూడదు. బావిలో చేద వదిలినట్టు.

నాలుగుసార్లకి లేవకపోతే? ప్లగ్ విప్పు. పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు. తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, లేదా స్పార్క్ లేదు. తడిసిందంటే కాక్ కట్టేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, డీకంప్రెషన్ పట్టుకుని ఆరేడుసార్లు తిప్పి లోపల ఆరబెట్టి, పొడి ప్లగ్ పెట్టి మళ్లీ మొదటి నుంచీ. సిలిండర్‌లో ఆయిల్ పోశావు కాబట్టి లేచాక తెల్లటి పొగ గ్యారేజీ నిండా వస్తుంది, ఖంగారు పడకు. అది ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు దెబ్బకీ దెబ్బకీ మధ్య నువ్వు ఒక అంకె లెక్కపెట్టుకోవచ్చు, ఆ శబ్దం విన్నాక తాతగారి మొహం ఎలా ఉందో నాకు రాయి. రోడ్డెక్కే ముందు లైసెన్సు, ఇన్సూరెన్సు నీ పేరు మీద చెల్లుతాయో లేదో ఆయన్నే అడుగు, ‘తిప్పుకో’ అన్నంత మాత్రాన పోలీసులు ఒప్పుకోరు.

ప్ర: మాది ఏలూరు దగ్గర పల్లె, ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో స్థిరపడ్డాం. నిరుడు 1965 డుకాటీ 250 మోంజా కొన్నాను. పోయిన నెల కిక్ రివర్స్ కొట్టి చీలమండ వాచిపోయింది. అప్పుడు కార్బొరేటర్ సర్వీస్ చేయించాను, జెట్లు మార్పించాను. మొన్న మళ్లీ కొట్టింది. అమ్మేయమని ఇంట్లో గొడవ. కిక్ రాడ్ ఎడమ పక్కన ఉండటం వల్లనా అండీ ఇదంతా?

జ: ఎడమ పక్క ఉండటం వల్ల కాదండీ, అయినా ఆ ఎడమ కిక్ అలవాటయ్యేదాకా నేనూ తిట్టుకున్నాను. కార్బొరేటర్ ఎప్పుడూ కాలిని తన్నదు. తన్నేది స్పార్క్. పిస్టన్ పైకి రాకముందే బాగా ముందుగా స్పార్క్ పడితే, మంట పిస్టన్‌ని వెనక్కి తోస్తుంది, ఆ వెనక్కి తిరిగిన ఇంజన్ కిక్ రాడ్ ద్వారా మీ చీలమండకి చేరుతుంది. పాత బండి ఏ రోగం చూపించినా మనవాళ్లు ముందు కార్బొరేటర్ విప్పుతారు, అది బయటికి కనపడుతుంది కాబట్టి. నేను చూసిన కార్బొరేటర్ రోగాల్లో సగం పైన పాయింట్ల దగ్గర తేలాయి.

నా కథ చెప్తాను, మీదీ అదే అయ్యుంటుందని నా అనుమానం. బొలోన్యాలో నా 250 ఇలాగే తన్నితే రెండు వారాలు కుంటాను. ఒక దుకాణంలో వంద యూరోల పైన కట్టి ఇగ్నిషన్ కాయిల్ కొత్తది వేయించాను. మళ్లీ తన్నింది. మా మెట్ల కింద గదిలో సైకిళ్లు బాగుచేసుకునే ఒక పెద్దాయన ఉండేవాడు, ఒకప్పుడు డుకాటీలు నడిపినవాడట. ఒక సాయంత్రం నా కుంటుడు చూసి, ఏమీ అనకుండా స్క్రూడ్రైవర్ తెచ్చి, ఇంజన్ కుడి పక్కన పాయింట్ల మూత విప్పాడు. వేళ్లతో పాయింట్ల క్యామ్, అంటే తిరుగుతూ పాయింట్లని తెరిచే ముక్క, పట్టుకుని తిప్పబోతే అది కదల్లేదు. బిగుసుకుపోయింది. దాన్ని నాకు చూపించి భుజాలెగరేశాడు.

విషయం ఏంటంటే, ఆ క్యామ్ వెనక రెండు చిన్న బరువులు, వాటికి రెండు స్ప్రింగులు ఉంటాయి. ఇంజన్ వేగం పెరిగే కొద్దీ బరువులు బయటికి పోయి క్యామ్‌ని ముందుకి తిప్పి స్పార్క్‌ని ముందుకి జరుపుతాయి, వేగం తగ్గగానే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. ఏళ్ల తరబడి గ్రీజు గడ్డకట్టి, తుప్పు పట్టి బరువులు బయటికి పోయినచోటే ఇరుక్కుపోతే, బండి ఆగి ఉన్నా స్పార్క్ పరుగులో ఉన్నట్టే ముందుగా పడుతుంది. అప్పుడు కిక్ కొడితే తన్నక ఏం చేస్తుంది? మీరు చేయాల్సింది ఇది. ఇగ్నిషన్ ఆపి, మూత తీసి, క్యామ్‌ని వేళ్లతో కొంచెం తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. రాకపోయినా, సోమరిగా వచ్చినా, దాన్ని విప్పి కిరసనాయిల్‌లో (అక్కడ పారఫిన్ అంటారు) నానబెట్టి కడిగి, పిన్నులకి ఒక్కొక్క చుక్క సన్న ఆయిల్ వేసి బిగించండి. స్ప్రింగులు సాగి ఉంటే మార్చండి. ఆయిల్ పాయింట్ల మీద పడనివ్వకండి, అది ఇంకో ఆరు నెలల ఏడుపు.

తర్వాత టైమింగ్. పాయింట్ల గ్యాప్ 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య. మీ మోడల్‌కి స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు పడాలో దాని మాన్యువల్‌లో ఉంటుంది, వేరే డుకాటీది పెట్టకండి. పాయింట్లు ఎప్పుడు తెరుచుకుంటున్నాయో చూడ్డానికి విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న మెకానిక్ చేసిన పనే ఇప్పటికీ నేను చేస్తాను. సిగరెట్ కాగితం ముక్క పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఇంజన్ తిప్పడం, కాగితం వదులై చేతిలోకి వచ్చిన క్షణమే పాయింట్లు తెరుచుకున్న క్షణం. చిన్న బల్బు పెట్టి చూసే పద్ధతి ఇంకా కచ్చితం, కానీ ఆ కాగితం వేళ్లలోకి జారి వచ్చే సుఖం బల్బులో లేదు.

కిక్ కొట్టడం: సెంటర్ స్టాండ్ వేయండి. సీటు మీద కూర్చుని ఎడమ కాలితో కొట్టే విద్య తర్వాత నేర్చుకోవచ్చు. బండికి ఎడమ పక్కన నిలబడి కుడి కాలితో కొట్టండి, మడమ ఉన్న బూటు వేసుకుని. చెప్పులతో వద్దు, మన ఊళ్లో బుల్లెట్ చెప్పులతో లేపిన గొప్పలు ఇక్కడ పనికిరావు. కంప్రెషన్ దొరికాక మెల్లగా దాటించి, రాడ్ పైకి రానిచ్చి, తొక్కడం. మోకాలు బిగదీయకండి, కొంచెం వంచే ఉంచండి, తన్నినా కాలు మడతపడి తప్పుకుంటుంది. 6 వోల్టుల బ్యాటరీ దిగిపోయి ఉంటే ఎన్ని చేసినా స్పార్క్ ఉసూరుమంటుంది, ముందు అది ఛార్జ్ చేయండి.

ఒక్క విన్నపం. ఆ ఇంజన్ హెడ్ ఇంట్లో విప్పకండి. 1954లో డుకాటీలో చేరిన ఇంజనీర్ ఫాబియో తాల్యోని ఈ సింగిల్స్‌లో వాల్వులని తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ని చైన్‌తో కాకుండా నిలువు షాఫ్ట్, రెండు చివర్లా కోన్ ఆకారపు గేర్లు పెట్టి తిప్పాడు. ఆ పళ్లు ఎంత లోతుగా కలవాలో షిమ్ములతో, అంటే పల్చటి బిళ్లలతో, సర్ది ఉంటుంది. విప్పిన షిమ్ములు కలిసిపోయాయంటే గేర్లు ఏడుస్తాయి, తర్వాత మీరు. 1974 దాకా ఆ సింగిల్స్ చేశారు, ఏ ఒక్కదాన్నీ వంటింటి బల్ల మీద బాగుచేయాలని చేయలేదు. ట్యాపెట్ల (వాల్వులని నొక్కే భాగాల) గ్యాప్ దాకా మీరు చూసుకోండి, ఆ పైన తెలిసినవాడికి ఇవ్వండి. అమ్మడం మాత్రం వద్దు. ఇంట్లో ఈ పేజీ చూపించండి.

ప్ర: టెక్సస్‌లో ఉంటాను. నా దగ్గర 1966 హార్లీ డేవిడ్సన్ స్ప్రింట్ ఉంది. ‘ఇది హార్లీయే కాదు’ అని ఇక్కడివాళ్లు ఎగతాళి చేస్తారు. అది పక్కన పెడితే, చల్లగా ఉన్నప్పుడు రెండు కిక్కులకి లేస్తుంది, పెట్రోల్ బంకులో ఆపితే గంట దాకా లేవదు.

జ: ఎగతాళి చేసేవాళ్లు సగం నిజమే చెప్తున్నారు. మీ బండి ఇటలీలో వరేసేలో ఏర్‌మాక్కీ చేసింది. హార్లీ 1960లో ఆ కంపెనీ మోటార్‌సైకిళ్ల భాగంలో సగం వాటా కొని, అల్ఫ్రెడో బియాంకీ గీసిన ఆ పడుకున్న సింగిల్‌ని అమెరికాలో తన పేరుతో అమ్మింది. నన్నడిగితే మీది ఆ పెద్ద బండ్ల కన్నా తెలివైన బండి, కానీ ఈ మాట టెక్సస్‌లో అనకండి.

వేడిలో చచ్చి, చల్లారాక లేచే బండికి మొదటి అనుమానం కండెన్సర్ మీద, పాయింట్లు కాలకుండా కాపాడే చిన్న భాగం అది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, వేడెక్కితే లోపల లీకై స్పార్క్ చప్పబడుతుంది. ఊహించకుండా తేల్చుకోవచ్చు. ప్లగ్ స్పానర్, ఒక కొత్త ప్లగ్ జేబులో పెట్టుకుని వెళ్లండి. బండి చచ్చిన క్షణమే, చల్లారనివ్వకుండా, కొత్త ప్లగ్‌ని వైరుకి తగిలించి ఇనుముకి ఆనించి కిక్ తిప్పండి, పెట్రోల్ బంకులో కాదు బాబోయ్, రోడ్డు పక్కకి తోసుకెళ్లి. స్పార్క్ లేకపోతే కండెన్సర్ మార్చండి, పెద్ద ఖర్చు కాదు, పాయింట్లు నల్లగా కాలి ఉంటే అదే సాక్ష్యం. దానికీ తగ్గకపోతే కాయిల్. స్పార్క్ బాగుంటే ట్యాపెట్ గ్యాప్ చూడండి, గ్యాప్ మరీ తగ్గిపోతే వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, కిక్ కొడుతుంటే కాలికే తెలుస్తుంది, మెత్తగా. అదీ కాకపోతే పెట్రోల్ ట్యాంక్ మూతలో గాలి రంధ్రం. నవ్వకండి, నేను ఒక ఆదివారం మొత్తం దానికి బలయ్యాను. ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడు కలిపి మార్చి బండి లేస్తే ఏది రోగమో ఎప్పటికీ తెలీదు.

ప్ర: (ముగ్గురు ఇదే అడిగారు) ఇథనాల్ కలిపిన పెట్రోల్ ఈ బండ్లకి పోయొచ్చా? ఆయిల్ ఏది?

జ: ఇంజన్ నడవడానికి నడుస్తుంది. పాడయ్యేవి రబ్బరు పైపులు, పాత కాక్‌లో కార్క్ వాషర్లు, ట్యాంక్ లోపల ఎవరో పూసిన పాత కోటింగ్. ఇథనాల్ గాలిలో తేమ లాక్కుంటుంది, బండి నెలల తరబడి కదలకపోతే ఆ నీరు ట్యాంక్ అడుగున చేరి తుప్పు పడుతుంది. ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్ ఈ10 (పది శాతం దాకా ఇథనాల్) అయింది, సూపర్ గ్రేడ్ ఈ5 (అయిదు శాతం దాకా), పాత బండికి సూపరే పోయండి, నెలకి తాగేది ఎంతలెండి. మన దేశంలో ఈ20 (ఇరవై శాతం) వచ్చేసింది కాబట్టి ఇథనాల్‌ని తట్టుకునే పైపులు, వాషర్లు వేసుకోవడం తప్ప దారి లేదు. ఎక్కడైనా సరే, ఇంటికి రాగానే కాక్ కట్టేసి కార్బొరేటర్‌లో పెట్రోల్ అయిపోయి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి.

ఆయిల్ దగ్గర పెద్ద తప్పు జరుగుతుంది. డుకాటీ సింగిల్స్‌లో ఇంజన్, క్లచ్, గేర్లు అన్నీ ఒకే ఆయిల్ తాగుతాయి. కారు ఆయిల్ మంచిదని పోస్తే క్లచ్ ప్లేట్లు జారతాయి, ఒకాయన కొత్త ప్లేట్లు వేయించుకుని కూడా జారుతోందని రాశారు, కారణం ఇదే. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న బైక్ ఆయిల్ పోయండి. ఇంకోటి, ఈ ఇంజన్లలో ఇప్పటి బండ్లలాగా కాగితం ఫిల్టర్ ఉండదు, జాలీ ఒక్కటే. సన్నటి మురికి క్రాంక్‌షాఫ్ట్ లోపల ఒక గుంటలో చేరుతుంది, అది నిండిపోతే క్రాంక్ మీద కనెక్టింగ్ రాడ్ తిరిగే బిగ్ ఎండ్ బేరింగ్‌కి ఆయిల్ అందదు. చరిత్ర తెలీని బండి కొన్నారా, దాని పెయింట్, క్రోమ్ సంగతి తర్వాత, ఇంజన్ విప్పించి ముందు ఆ గుంట శుభ్రం చేయించండి. ఆయిల్ 1500 కిలోమీటర్లకోసారి మార్చండి, రెండు లీటర్ల దగ్గర పిసినారితనం ఎందుకు.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాలా అని అడిగినాయనకి: పాయింట్లు సరిగ్గా సెట్ చేయడం వచ్చాక అప్పుడు అడగండి.

ప్ర: హైదరాబాద్, మల్కాజిగిరి. చనిపోయిన మా మామయ్య వస్తువుల్లో 1960ల నాటి ఇటలీ బండి ఒకటి, సగం విప్పేసి ఉంది. కాగితాలు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ చేయించవచ్చా? రోజూ ఆఫీసుకి వేసుకెళ్దామని ఆశ.

జ: చేయించవచ్చండీ. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేస్తారు. నంబర్‌లో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ల దాకా చెల్లుతుంది, మళ్లీ చేయించుకోవడానికి 5,000. కానీ ఆఫీసు సంగతి మర్చిపోండి. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోల్ పోయించుకోవడం, రిపేరు, ఇలాంటి వాటికే రోడ్డెక్కించాలి, రోజువారీ తిరుగుడికి కాదు. ‘అసలు రూపం’ అన్న మాట చూశారు కదా, అందుకని ఎవరో సలహా ఇచ్చారని బుల్లెట్ హ్యాండిల్, స్ప్లెండర్ లైటు తగిలించకండి. 

సగం విప్పి ఉందన్నారు. ఏమీ తుడవకుండా, పారేయకుండా, ముందు ఫోటోలు తీయండి. ప్రతి నట్టూ ఏ డబ్బాలో ఉందో అదే డబ్బాలో ఉంచండి. ఒక శుభవార్త, పాత బుల్లెట్‌కి ఇంగ్లీషు కొలతల స్పానర్లు వెతుక్కున్న బాధ దీనికి లేదు, ఇటలీ బండి కాబట్టి అంతా మిల్లీమీటర్లే, మీ ఇంట్లో ఉన్న స్పానర్ సెట్టే సరిపోతుంది. ఇంజన్ నంబర్, ఫ్రేమ్ నంబర్ కాగితాలతో కలుస్తున్నాయో లేదో ఇవాళే చూడండి. ఆ రెండూ రాసి, ఒక ఫోటో జత చేసి పంపితే అది ఏ బండో వచ్చే సంచికలో చెప్తాను.

ప్ర: మా ఆయన మిలాన్‌లో ఫాల్కోనే కొన్నారు. నన్ను వెనక ఎక్కించుకుని సరస్సు దాకా తీసుకెళ్తానంటున్నారు. బయట తిరిగే ఆ పెద్ద చక్రం చూస్తే భయమేస్తోంది. చీరతో కూర్చోవచ్చా?

జ: వద్దమ్మా. చక్రం ఉన్నది ఎడమ పక్కన, మన ఆడవాళ్లు పక్కకి కూర్చునేదీ ఎడమకే. మీరు కూర్చునే చోటుకి అది కొంచెం ముందే ఉంటుంది, నడిచేటప్పుడు గాలికి కొంగు వెనక్కే పోతుంది, అయితే అప్పుడు వెనక చక్రం కాచుకుని ఉంటుంది. అసలు భయం బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు, మీరు ఎక్కబోతూ పక్కన నిలబడ్డప్పుడు. ఆయన ఇంజన్ ఆపాకే ఎక్కండి, దిగండి. ప్యాంటు, బూట్లు, చున్నీ ఉంటే జాకెట్ లోపలికి దోపేసి, రెండు కాళ్లూ చెరోపక్కా వేసి కూర్చోండి. ఎక్కేముందు ఆయన బూటు లేసులు కూడా ఒకసారి చూడండి. ఎడమ కాలిది మరీనూ.